గడియారానికి రెండు కోకలు

ఈ సంగతి రాద్దామని ఇంతకుముందు రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ కోపం వచ్చి కాగితాలు చింపేశాను. కోపంలో చెబితే ముందు జరిగింది వెనక్కీ, వెనక జరిగింది ముందుకీ పోతుంది. అందుకని ఈసారి వరసగా చెప్పుకొస్తాను. కోపం తగ్గిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

మా మేనమామ నరసరావుపేటలో పత్తి మిల్లులో ఫిట్టరు. మా అమ్మ పోయాక నేను ఆయన ఇంట్లోనే పెరిగాను. ఆదివారం వస్తే ఆయన అరుగు మీద గోనెపట్టా పరిచి, ఎవరిదో ఒక పాడైన వస్తువు ముందేసుకుని కూర్చునేవాడు. లాంతరు, స్టవ్వు, కుట్టుమిషను, గడియారం, ఏదైనా సరే. మిల్లులో చేసేది జీతానికి, ఇది నా మనసుకి అనేవాడు. నేను పక్కన కూర్చుని విప్పిన మరలన్నీ విప్పిన వరసలోనే గోనె మీద పేర్చేదాన్ని. పన్నెండేళ్ళకి లాంతరు బర్నరు విప్పి బిగించడం వచ్చింది. పధ్నాలుగేళ్ళకి కుట్టుమిషను లోపల ఏది దేన్ని కదిలిస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. బళ్ళో వెయ్యలేదు గనక అక్షరం ముక్క రాదు.

పెళ్ళి చేసి మాచర్ల పంపేటప్పుడు మామయ్య నా పెట్టెలో చీరల కింద ఒక గుడ్డసంచి పెట్టాడు. రెండు స్క్రూడ్రైవర్లు, ఒక సన్నటి ఆకురాయి, పట్టకారు, పొడుగు ముక్కున్న నూనె డబ్బా. అత్తారింట్లో చూస్తే నవ్వుతారని మేనత్త గొడవ చేసింది. నవ్వితే నవ్వనియ్యి, నాలుగు రోజులు పోతే వాళ్ళే అడుగుతారు అన్నాడాయన.

మా అత్తారివి రెండు ఎడ్లబళ్ళు. నాపరాయి గనుల నుంచి బండలు ఎత్తుకుని రైలు స్టేషను యార్డుకి తోలడం వాళ్ళ పని. ఒక బండి మా మామది, ఒకటి నా పెనిమిటిది. ఇల్లు చంద్రవంక వాగుకి పోయే దారిలో. మా అత్త పొడుగ్గా, సన్నగా, రోజుకి పది మాటలు మించి మాట్లాడని మనిషి. ఆ మౌనం చూసి నేనంటే గిట్టదేమో అనుకున్నాను. చాలాకాలం అలాగే అనుకున్నాను.

యుద్ధం నడుస్తున్న రోజులవి. కిరసనాయిలు రేషను కార్డు మీద, గుడ్డ కూడా కార్డు మీదే. కుట్టుమిషను సూదులు ఊళ్ళో ఎక్కడా దొరికేవి కావు. ఎదురింట్లో ఒక పిన్ని చేతిమిషను మీద రవికలు కుట్టుకుని బతికేది. ఒకనాడు ఆమె వాకిట్లో కూర్చుని ఏడుస్తుంటే వెళ్ళాను. మిషను కుట్టు వదిలేస్తోంది. పాత సూది విరిగితే ఎవరో వేరే మిషను సూది తెచ్చిచ్చారట, అది కాస్త పొట్టిది. దారాన్ని అందుకోవాల్సిన చోటికి సూది దిగడం లేదు. సంచి తెచ్చుకుని, సూదిని పట్టే కడ్డీని గోరంత కిందికి దించి బిగించాను. కుట్టు ముత్యాల్లా పడింది.

నేనేమీ అడగలేదు. ఆమే అడిగింది, నీకేం కావాలి అని. ఏమీ వద్దన్నాను. అప్పుడామె అన్న మాట నేను మర్చిపోలేదు.

"ఊరికే చేయించుకుంటే రేపు మళ్ళీ ఏ మొహం పెట్టుకుని పిలిచేదమ్మా నిన్ను? నాకు కుట్టు వచ్చు. నీకు రెండు రవికలు కుట్టిస్తా. సరికి సరి."

అలా మొదలైంది. గానుగ ఆయన భార్య స్టవ్వు తెచ్చింది, నువ్వులనూనె ఇచ్చింది. పాడి ఉన్న ముసలమ్మ లాంతరు తెచ్చింది, నెలంతా చెంబుడు మజ్జిగ పోసింది. బడి పంతులుగారి భార్య అలారం టైంపీసు తెచ్చింది. ఏమియ్యనని అడిగితే, నాకు అక్షరాలు నేర్పమన్నాను. ఆమె నా మొహం కాసేపు చూసి, రేపు మధ్యాన్నం పలక తెచ్చుకోమంది. ఈ కాగితం మీద ఈ ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ టైంపీసు పుణ్యం.

ఆ రోజుల్లో మా మామ ఊళ్ళో చాలా గొప్పలు చెప్పుకునేవాడు. మా కోడలు వట్టి చేతుల్తో రాలేదు, చేతుల్లో విద్య పెట్టుకొచ్చింది అని బండి తోలేవాళ్ళందరికీ చెప్పేవాడు. మజ్జిగ పోసుకుని జొన్నకూడు తినేటప్పుడు ఆ పని ఆయనకి పనిలాగే కనపడింది. ఇది గుర్తుపెట్టుకోవాలి.

రెండేళ్ళు గడిచేసరికి ఇంట్లో గుడ్డకి కరువొచ్చింది. మగవాళ్ళు గోచీ పెట్టుకుని బండి తోలినా ఎవరూ ఏమీ అనరు. ఆడవాళ్ళ సంగతి వేరు. మా అత్తకి రెండే కోకలు. ఒకటి అతుకులమీద అతుకులు పడి, ఇంక సూది పట్టే చోటు లేక పీలికలైంది. మిగిలినదాన్ని ఉతికితే ఆరేదాకా ఆమె గది తలుపేసుకుని గోనె చుట్టుకుని కూర్చునేది. నా పెళ్ళి కోక కట్టుకోమని ఇచ్చాను. కోడలి పెళ్ళికోక లాక్కుని కట్టుకుందంటారు, వద్దంది. మెల్లగా వాగుకి రావడం మానేసింది. తర్వాత బజారు మానేసింది. తర్వాత వాకిట్లోకే రావడం మానేసింది. ఎవరైనా వస్తే లోపలినుంచే పలికేది. ఒకప్పుడు గనుల దగ్గర ఎండలో రాళ్ళు మోసిన మనిషి, గదిలో గోడకి ఆనుకుని కూర్చుని పాలిపోతుంటే మా మామకి ఏమీ అనిపించలేదు. యుద్ధం గదా, అందరికీ ఉన్నదే గదా అనేవాడు.

ఊళ్ళో కంట్రోలు గుడ్డ అమ్మే షావుకారు ఒకాయన ఉండేవాడు. గుడ్డ వచ్చిందని తెలిసి కార్డులు పట్టుకుని పోయేసరికి అయిపోయిందనేవాడు. లోపల గుడ్డ బేళ్ళు ఉన్నాయని ఊరందరికీ తెలుసు. రాత్రికి రాత్రి అవి ఎటు పోతాయో కూడా తెలుసు. ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఎందుకంటే ఆ కాస్త అయినా ఇచ్చేది ఆయనే. అదే సమయంలో ఆయన స్టేషను వైపు కొత్త మిద్దె కట్టిస్తున్నాడు.

ఆ షావుకారు భార్య నాకు కబురు పెట్టింది. పంతులుగారి భార్య నా గురించి చెప్పిందట. వెళ్ళాను. హాల్లో గోడకి గంటలు కొట్టే పెద్ద గడియారం. ఆమె పుట్టింటివాళ్ళు ఇచ్చింది. ఆగిపోయి ఏడాదయిందనీ, కొత్త మిద్దెలో గృహప్రవేశం నాటికి అది గంట కొట్టాలనీ చెప్పింది. నేను వెనక మూత తీసి చూశాను. పని పెద్దదే. చేయగలనని తెలుసు. అప్పుడే బేరం చెప్పాను.

"రెండు కోకలు కావాలమ్మా. ఒకటి మా అత్తకి, ఒకటి నాకు. కంట్రోలు కోకలైనా సరే."

"ఓస్, ఇంతేనా? ఇప్పిస్తా" అంది ఆమె. షావుకారు అక్కడే ఉయ్యాలబల్ల మీద కూర్చుని తాంబూలం వేసుకుంటున్నాడు. విన్నాడు. తలూపాడు. అవును, తలూపాడు. తర్వాత ఎవరెన్ని చెప్పినా ఆ తలూపడం నేను చూశాను.

తొమ్మిది మధ్యాహ్నాలు ఆ ఇంటి వెనక వసారాలో కూర్చున్నాను. స్ప్రింగు చివర తెగిపోయింది. కొత్తది గుంటూరులోనే దొరకడం లేదన్నారు. తెగిన కొసని బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారనిచ్చి, మెత్తబడ్డాక మేకుతో కొత్త బెజ్జం కొట్టాను. దాన్ని చుట్టి డబ్బాలో కూర్చేటప్పుడు ఒకసారి చెయ్యి జారింది. అది పాములా లేచి నా బొటనవేలు ఎముకదాకా కోసింది. వేలికి చుట్టుకోవాలన్నా ఇంట్లో శుభ్రమైన గుడ్డపీలిక లేదు, పసుపు అద్ది తాటాకు ముక్క కట్టుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఇంకో చిక్కు ఏమిటంటే, కీ ఇచ్చిన స్ప్రింగు వెనక్కి తిరగకుండా పళ్ళచక్రాన్ని పట్టి ఉంచే చిన్న కొక్కెం ఒకటుంటుంది. అది పూర్తిగా అరిగిపోయింది. అది లేకపోతే కీ ఎంత తిప్పినా లాభం లేదు. మా ఇంటి చూరులో విరిగిన కొడవలి ముక్క ఉంటే తీసుకుని, మూడు రోజులు ఆకురాయి పట్టి అరగదీసి, ఆ కొక్కేన్ని తయారుచేశాను. బియ్యపుగింజకి రెండింతలు ఉంటుందేమో.

తొమ్మిదోనాడు గడియారం గోడకెక్కింది. నాలుగు గంటలు కొట్టింది. షావుకారు పగలబడి నవ్వాడు. పక్కింటివాళ్ళని పిలిచి చూపించాడు. గుంటూరు పంపినా కాదన్నారు, మన బండాయన కోడలు చేసింది చూడండి అన్నాడు. ఎల్లుండి సరుకు వస్తుంది, కోకలు ఇంటికే పంపిస్తానన్నాడు. నేను ఇంటికొచ్చి మా అత్తకి చెప్పాను. ఆ రాత్రి ఆమె నా కంచంలో తన వాటా పచ్చడి కూడా వేసింది.

ఎల్లుండి గడిచింది. ఆ మర్నాడు సాయంత్రం మా మామ చాలా హుషారుగా వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కూర్చుని, షావుకారు మిద్దెకి కావలసిన నాపరాయంతా మన రెండు బళ్ళే తోలాలని మాటయిందన్నాడు. ఆరు నెలల పని. నా పెనిమిటి కూడా సంతోషపడ్డాడు. నేను కోకల సంగతి అడిగాను.

"కోకల మాటెత్తాడు పాపం. నేనే వద్దన్నా" అన్నాడు మా మామ. "ఊసుపోక చేసిన పనికి కోకలేంది షావుకారూ, అది మీ ఇంటి పిల్లే అనుకోండి అన్నా. చానా సంతోషపడ్డాడు. అప్పుడే గదా రాయి మాట తీసింది."

ఊసుపోక. ఆ మాట వినగానే నా బొటనవేలు గాయం సలిపింది. తెల్లారి లేచి దొడ్డి ఊడ్చి, జొన్నలు విసిరి, వంట చేసి, ఎడ్లకి కుడితి పెట్టి, ఆ మిగిలిన పొద్దులో తొమ్మిది రోజులు ఎముక కోసుకుంటూ చేసింది ఊసుపోకనట. నా చేతిపని ఇచ్చి ఆయన తన బళ్ళకి పని కొనుక్కున్నాడు. అందులో మోసం ఉందని కూడా ఆయనకి తోచలేదు. కోడలి చెయ్యి తన ఎడ్ల మెడలాంటిదే అనుకున్నాడు.

"అవి నీ కోకలు కాదు మామా, వద్దనడానికి" అన్నాను.

"ఏందీ?"

"నువ్వు బండి తోలేది ఊసుపోకా? రాయి ఊరికే తోలిపెడతానని చెప్పి రా ఆయనకి."

ఆయన కంచం విసిరికొట్టాడు. కూడు గోడకి పడింది. నా పెనిమిటి, ఊరుకో, పెద్దాయన గదా అన్నాడు నాతో. కంచం విసిరినవాణ్ణి కాదు, నన్ను ఊరుకోమన్నాడు. మా అత్త చిరుగు కనపడకుండా కొంగు పట్టుకుని లేచి, కూడంతా ఎత్తి, గోడ తుడిచి, లోపలికి పోయింది. ఆమె కోసం నేను అరుస్తుంటే ఆమె నోరు విప్పదేమని నాకు ఆమె మీద కూడా మండింది. పిరికిదనుకున్నాను.

రెండు రోజులు చూసి షావుకారు భార్య దగ్గరికి వెళ్ళాను. ఆమె నా కళ్ళలోకి చూడలేదు. మగాళ్ళు మాట్లాడుకున్నారంట గదా, మీ మామే వద్దన్నాడంట, ఇంక నేనేం చెయ్యను అంది. బేరం నీకూ నాకూ గదమ్మా అన్నాను. ఆమె లేచి వంటింట్లోకి పోయింది.

మర్నాడు పొద్దెక్కాక సంచి తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఆమె హాల్లోనే ఉంది. నేను స్టూలెక్కి గడియారం దించాను. కీ పట్టుకుని, ఆ కొక్కేన్ని వేలితో ఎత్తి, స్ప్రింగుని ఒక్కొక్క పన్నూ వెనక్కి వదిలాను. బిగువంతా పోయాక మర విప్పాను.

"ఏం చేస్తన్నావే?" అంది ఆమె.

"గడియారం మీదమ్మా. ఈ కొక్కెం నాది. మా కొడవలి ముక్క, నా చెయ్యి. నాది నేను తీసుకుపోతన్నా. మీ పాత కొక్కెం ఇదిగో, బల్ల మీద పెట్టా."

ఆమె గుమ్మం వైపు చూసింది. పనివాళ్ళని పిలుస్తుందనుకున్నాను. ఆమె గొంతు తగ్గించి, "ఆయన గోదాం కాడ ఉన్నాడు. వచ్చేలోపల పో" అంది. అంతే. ఆపలేదు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. షావుకారు మా మామని కొట్టు ముందర నిలబెట్టి నానా మాటలూ అన్నాడట. రాయి పని ఇంకెవరికో ఇచ్చేశాడట. మా మామ ఇంటికొచ్చాడు. గూట్లో ఉన్న నా సంచి తీసుకుని బయటికి నడిచాడు. నేను వెనకే పరుగెత్తాను. వానాకాలం, వాగు ఎర్రగా పారుతోంది. గట్టు మీద నిలబడి సంచిని నీళ్ళలోకి విసిరేశాడు.

"ఇంక ఈ కొంపలో మర విప్పినావంటే చెయ్యి విరగ్గొడతా" అన్నాడు.

నా పెనిమిటి అప్పుడే బండి తోలుకొచ్చి, ఎడ్ల పగ్గం పట్టుకుని చూస్తున్నాడు. అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. నిజమే, చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రం మా మామ మీదకన్నా ఆ చెడ్డవాడు కాని మనిషి మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. మా మేనమామ నాకు ఇచ్చిన ఆస్తి అంతా ఆ సంచే. అది మునిగిపోతుంటే ఎడ్ల పగ్గం వదలని చేతిని నేను ఎన్నేళ్ళు కాపరం చేసినా మర్చిపోలేదు.

తెల్లారి పెట్టె సర్దుకుంటున్నాను. మధ్యాహ్నం రైలుబండికి నరసరావుపేట పోదామని. గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది.

"పెట్టె తర్వాత సర్దుకుందువు. నాతో రా" అంది. "ఆ కొక్కెం ఇటియ్యి."

ఇచ్చాను. కొంగు చివర ముడేసుకుంది. వాకిలి దాటింది. ఎన్ని నెలలకో బయటికి అడుగుపెట్టిన మనిషి. ఆ కోకకి నడుం దగ్గర ఒక చిరుగు, మోకాలి దగ్గర ఒకటి, వీపంతా జల్లెడ. నా కోక ఇస్తాను, ఒక్క నిమిషం ఆగమని వెంటపడ్డాను. ఆగలేదు. చిరుగులు దాచి చుట్టుకోనూ లేదు. దారిలో మగవాళ్ళు తలలు తిప్పుకున్నారు. కొందరు తిప్పుకోలేదు. నాకు ఒళ్ళంతా మంటలు పుట్టాయి. ఆమె మొహంలో మాత్రం ఏమీ లేదు, నీళ్ళకి పోతున్నట్టే నడిచింది.

షావుకారు కొట్టు ముందర కార్డులు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ళని తప్పించుకుని పోయి మెట్టు మీద కూర్చుంది.

ఏంటమ్మా ఇది, లే అన్నాడు షావుకారు.

"నా కోడలు మీ గడియారం బాగుచేసింది. రెండు కోకలన్నారు. కొక్కెం పీక్కొచ్చింది, అది తప్పే. ఇదిగో తెచ్చా, పెట్టిస్తా. కోకలియ్యండి."

"మీ ఆయనే వద్దన్నాడమ్మా. అడుగు పోయి."

"ఆయన కట్టేది పంచె. కోక కట్టేది నేను. నన్నెవరడిగారు?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో ముసలామె, బేళ్ళు లోపలుండయ్యి, నిన్న సాయంత్రం దించడం నా కళ్ళారా చూశా అంది. ఇంకొకామె తనకి మూడు నెలలుగా లేదనే చెబుతున్నారంది. షావుకారు మొహం మారింది. మా మామకి కబురు పంపాడు.

ఆయన పరుగున వచ్చాడు. ఇంటికి పద అని మా అత్త జబ్బ పట్టుకుని లాగాడు. ఆమె లేవలేదు. ఆ లాగుడుకి భుజం మీద కోక చిరిగింది. పాతగుడ్డ చిరిగితే పెద్ద చప్పుడేమీ రాదు. కానీ అంతమందిలో అందరికీ వినపడింది. మా మామ చెయ్యి వదిలేశాడు. తన తలపాగా గుడ్డ విప్పి ఆమె భుజాల మీద కప్పబోయాడు. ఆమె దాన్ని తీసి పక్కన పెట్టింది.

"కప్పుకోను. కోక కట్టుకునే లేస్తా."

నేను వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను, వీపు కనపడకుండా. అప్పుడు ఎదురింటి పిన్ని జనంలోంచి వచ్చి నా పక్కన నిలబడింది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు.

షావుకారు లోపలికి పోయి రెండు కోకలు తెచ్చి మెట్టు మీద పడేశాడు. మా అత్త తీరిగ్గా మడత విప్పి చూసింది. ఒకదానికి ఎలక కొట్టిన బెజ్జాలున్నాయి. దాన్ని మళ్ళీ మడతపెట్టి, ఇది వద్దు, ఇంకోటియ్యమంది. ఇచ్చాడు. మేమంతా అడ్డం నిలబడితే, చిరిగినదాని మీదే కొత్తది చుట్టుకుని లేచింది. రెండో కోకా, కొంగుముడి విప్పి కొక్కెమూ నా చేతిలో పెట్టి, "పోయి పెట్టిరా. మన మాట మనం నిలబెట్టుకోవాలి" అంది.

నా సామాన్లు వాగులో ఉన్నాయి. షావుకారు ఇంట్లో కూరగాయల కత్తి అడిగి తీసుకుని, దాని మొనతో మర బిగించాను. షావుకారు భార్య పక్కనే నిలబడింది. కీ ఇచ్చి లోలకాన్ని కదిపాను. అది నడిచింది. ఆమె మంచినీళ్ళు ఇవ్వబోయింది. నేను తాగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తాగి ఉండాల్సిందేమో. ఆ పూట ఎవరి చేతి నీళ్ళూ నా గొంతు దిగేవి కావు.

ఈ కథ విన్నవాళ్ళు మా అత్తని మెచ్చుకుంటారు. ఊళ్ళో కూడా వారం రోజులు, భలే చేసింది ముసల్ది అని నవ్వుకుంటూ చెప్పుకున్నారు. నాకు ఆ నవ్వులు చూస్తే ఒళ్ళు మండేది. న్యాయంగా రావలసిన రెండు గుడ్డముక్కల కోసం ఒక ఆడమనిషి తన ఒంటి మీద చిరుగులన్నీ బజారుకి చూపించుకోవాల్సి వచ్చింది. అందులో భలే ఏముంది? షావుకారుది తప్పు అని ఒక్క మగవాడు ఆయన మొహాన అనలేదు. ఆ మర్నాడు కూడా కార్డులు పట్టుకుని ఆయన్నే బతిమాలారు. ఆమెని పిరికిదని అనుకున్న నా మీద కూడా నాకు కోపమే. ఆ కంచం విసిరిన రాత్రి ఆమె మాట్లాడకుండా లోపలికి పోయింది భయంతో కాదు. ఏం చెయ్యాలో ఆలోచించుకోవడానికి.

నేను నరసరావుపేట పోలేదు. పెట్టె మళ్ళీ అటక ఎక్కింది.

రాయి పని మాకు రాలేదు. ఆ ఏడు జొన్నలకి కూడా ఇబ్బంది పడ్డాం. మా మామ నాతో మాట్లాడడం మానేశాడు. ఏదైనా చెప్పాల్సి వస్తే మా అత్తని చూసి, చెప్పు దానికి అనేవాడు. ఆమె చెప్పేది కాదు. విన్నది గదా, మళ్ళీ నేనెందుకు అనేది. నా పెనిమిటి ఒకసారి వాగులో నీళ్ళు తీశాక సంచి కోసం మోకాలి లోతు బురదలో దిగి వెతికాడు. దొరకలేదు. వెతికినందుకు కోపం కొంచెం తగ్గాలి. తగ్గలేదు.

సామాన్లు మళ్ళీ సంపాదించుకున్నాను. ఊళ్ళో కమ్మరి పనిచేసే ఒక బాబాయి గొడుగు పాడై ఉంది. రోజంతా ఇనుము కొట్టే చేతులకి ఆ సన్నటి తీగెలు లొంగడం లేదు. అది వట్టి చేతుల్తో, ఒక సూదితో సరిచేసి ఇచ్చాను. ఆయన పాత కడ్డీలు కాల్చి సాగగొట్టి నాకు రెండు స్క్రూడ్రైవర్లు చేసిచ్చాడు. వాటి పిడులు తుమ్మకర్రవి. మా మామ చూశాడు. చెయ్యి విరగ్గొడతానన్న మనిషి, చూసి తలుపు అవతలికి పోయాడు.

అప్పటినుంచి ఎవరు ఏ వస్తువు తెచ్చినా మా అత్త వచ్చి నా పక్కన కూర్చునేది. ఏమిస్తారో ముందు చెప్పండి అని ఆమే అడిగేది. ఒప్పుకున్నాకే నన్ను మర ముట్టుకోనిచ్చేది. ఇంటికొచ్చిన ప్రతిదీ నా చేతికే ఇవ్వమనేది. అడుగుతుంటే మొదట్లో జనం నొచ్చుకున్నారు. పోనుపోను అలవాటుపడ్డారు.

ఏడాది తర్వాత అనుకుంటాను, గనిలో పనిచేసే ఒకతను లాంతరు పట్టుకుని వచ్చాడు. మా మామ వాకిట్లో మంచం మీద కూర్చుని పలుపులు పేనుతున్నాడు. ఇంటికి పెద్ద గదా అని అతను ఆయన్నే అడిగాడు, ఇది బాగుచేస్తే ఏమియ్యమంటావు పెద్దయ్యా అని. నేను లోపల విసురుతున్న తిరగలి ఆపాను. ఏమంటాడో వినాలని. ఆయన పేనుతున్న తాడుకి ఇంకో మెలిక వేశాడు.

"నన్నడగమాక" అన్నాడు. "లోపలుండారు, వాళ్ళనడుగు."

ఆ ఒక్క మాట అనడానికి ఆయనకి ఏడాది పట్టింది. మా అత్త నా వైపు చూసి, వెళ్ళు అన్నట్టు తలూపింది. నేను చేతులు దులుపుకుని బయటికి వచ్చి ఆ లాంతరు అందుకున్నాను. ఆయన మొహం మాత్రం చూడలేదు.